పరిగెత్తడం వచ్చు, మరి ఆగడం?

ప్రశ్న: అన్నా, మాది కావలి పక్కన పల్లె. నాకు 20 ఏళ్ళు. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ ఆపేసి చెన్నై వెళ్ళా. పోయిన సీజన్ అక్కడ కింది డివిజన్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి, కుడి అంచు వెంట దాడి చేసే రైట్ వింగ్ ఆడా. గది, భోజనం ఇచ్చి చేతిఖర్చులకి కొంత ఇస్తారు. నాకున్నది స్పీడు, చిన్నప్పట్నించీ అందరూ అదే అంటారు. ఈ సీజన్ కొత్త కోచ్ వచ్చి నన్ను వెనక కుడివైపు కాపలా కాసే రైట్ బ్యాక్ ఆడమంటున్నాడు. పనిష్మెంట్ ఇచ్చినట్టుంది. రెండుసార్లు తొడ వెనక పట్టేసింది, రెండోసారి ఎవరికీ చెప్పలేదు. ఇంకో సంగతి. గోవాలో పెద్ద క్లబ్బు ట్రయల్స్‌కి పంపిస్తానని ఒకాయన లక్షన్నర అడుగుతున్నాడు. మా నాయన ఆర్టీసీ కండక్టర్. “పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు, వచ్చి రైల్వే పరీక్షలకి చదువుకో” అంటున్నాడు. వింగర్‌గా నాకు కెరీర్ ఉంటుందా? ఉంటే ఎన్నేళ్ళు? నాయనకి ఏం చెప్పను?
(పేరు వద్దన్న పాఠకుడు, కావలి)

సమాధానం:

తమ్ముడూ,

మీ నాయన చెప్పిన సామెత దగ్గరే మొదలుపెడతా. నిన్ను ఇంటికి రప్పించడానికి ఆయన ఆ మాట వాడాడు. నాకు మాత్రం అది చదవగానే, వింగర్లకి ఇంత సూటిగా పాఠం చెప్పినవాడు లేడే అనిపించింది. పరిగెత్తడం నీకు వచ్చు. నిలబడటం వచ్చా?

వేళాకోళం చెయ్యట్లేదు. నేనూ రైట్ వింగే ఆడా. నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో క్రికెట్ వాళ్ళు వదిలిపెట్టేదాకా కాచుకుని, మిగిలిన మూల మట్టిలో ఆడుకున్న పిలకాయల్లో ఒకణ్ణి. నన్నూ అందరూ స్పీడు, స్పీడు అన్నారు. పినాకినీ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి, బంతి నా దగ్గరికి రాగానే ‘కూ’ అని అరిచేవాళ్ళు. ఆ స్పీడునే నమ్ముకుని చెన్నై వెళ్ళా.

మొదటి సీజన్, రెండో మ్యాచో మూడో మ్యాచో. నా ఎదురుగా లెఫ్ట్ బ్యాక్‌లో ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఏదో ఆఫీసులో గుమాస్తా, కాస్త బొజ్జ కూడా ఉంది. ఇక నా పండగే అనుకున్నా. ఆయన నా మీదికి రాలేదు. రెండు గజాలు ఎడం ఇచ్చి, కొంచెం పక్కకి తిరిగి నిలబడి, టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు దారి వదిలేశాడు, ‘పో నాయనా’ అన్నట్టు. పోయా. ప్రతిసారీ పోయా. నేను క్రాస్ కొట్టే, అంటే అంచు నుంచి గోల్ ముందుకి బంతి తన్నే సమయానికి ఆయన కాలు సరిగ్గా అక్కడ ఉండేది. బంతి ఆయన మోకాలికి తగిలి బయటికి పోయేది, లేకపోతే నాకంటే ముందు గోల్ లైన్ దాటేసేది. డెబ్భై నిమిషాల్లో ఒక్క క్రాస్ కూడా లోపలికి పోలేదు. నన్ను మార్చేశారు. మ్యాచ్ అయ్యాక ఆయనే టీ తాగించి చెప్పాడు. “తంబీ, నువ్వు టైముకి వచ్చే బస్సువి. ఎప్పుడు ఎక్కడ ఉంటావో నాకు తెలుసు. నేను ముందే వెళ్ళి స్టాపులో నిలబడతా. అంతే.”

ఆ మాట అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. ఒకే వేగంతో వచ్చేవాడు ఎంత వేగంగా వచ్చినా బ్యాక్‌కి దిగులు లేదు. లెక్క కట్టుకుంటాడు. వేగం మారిస్తేనే వాడికి టెన్షన్. అనుభవమున్న బ్యాక్ నీ కళ్ళు చూడడు, కాళ్ళు చూడడు. నడుము చూస్తాడు. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి కదా. నువ్వు పూర్తి పరుగులో ఉండి, అర సెకను, బంతి ఆపబోతున్నట్టు నెమ్మదించావనుకో, వాడూ ఆగాలి. ఆగాడంటే ఒంటి బరువు మడమల మీదికి వస్తుంది. మడమల మీదున్న మనిషి కదలాలంటే ముందు మునివేళ్ళ మీదికి రావాలి. ఆ కాస్త సందు నీది. అప్పుడు నీకు ఐదారు గజాల పరుగు చాలు, యాభై గజాలు అక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో స్టాన్లీ మాథ్యూస్ అని ఒక రైట్ వింగర్ ఉండేవాడు. 1956లో, యూరప్‌లో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ మొట్టమొదటిసారి ఆయనకే ఇచ్చారు, అప్పటికే 41 ఏళ్ళు. 1965లో, యాభై నిండాక, అక్కడి పై డివిజన్‌లో మ్యాచ్ ఆడాడు. యాభై ఏళ్ళ మనిషి కుర్ర బ్యాకుల్ని పరుగు పందెంలో ఓడించి ఉంటాడా? ఒంటిని ఒకవైపు వాల్చి ఇంకోవైపు వెళ్ళేవాడు. అవతలివాడు తేరుకునేసరికి ఈయన దాటిపోయి ఉండేవాడు.

ఒక పని చెప్తా, రోజూ పావుగంట చెయ్యి. టచ్‌లైన్‌కి నాలుగు గజాల లోపల వరసగా నాలుగు చెప్పులు పెట్టు, ఒకదానికీ ఇంకోదానికీ ఎనిమిది గజాలు. బంతితో పూర్తి వేగంగా బయల్దేరు. ప్రతి చెప్పు దగ్గరా వేగం సగానికి దించు, బంతి కాలికి అంటుకునే ఉండాలి. రెండు చిన్న అడుగులు, మళ్ళీ పూర్తి వేగం. మొదటి రోజు బంతి నిన్ను వదిలి వెళ్ళిపోతుంది. రెండో వారానికి మాట వింటుంది. చివరి చెప్పు దాటాక తల ఎత్తి చూసి క్రాస్ కొట్టు. తల ఎత్తడం మరిచిపోతావు, అందరూ మరిచిపోతారు. పక్కన ఒకణ్ణి నిలబెట్టి, నువ్వు క్రాస్ కొట్టేముందు వాడు ఎన్ని వేళ్ళు చూపించాడో నీ చేత చెప్పించుకోమను.

ఇక ‘ఎన్నేళ్ళు’ అన్నావు. దాపరికం లేకుండా చెప్తా. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫీఫా నిబంధనల ప్రకారం రాతపూర్వకంగా కాంట్రాక్టు ఉండి, ఆడటానికి అయ్యే ఖర్చుకంటే ఎక్కువ ముట్టేవాడే ప్రొఫెషనల్. గది, భోజనం, చేతిఖర్చు అంటే నువ్వింకా ఆ గడప దాటలేదు. కాబట్టి ‘కెరీర్ ఎన్నేళ్ళు’ అనే ప్రశ్నకి ముందు ‘ఎప్పుడు మొదలు’ అనేది ఉంది.

మొదలయ్యాక కూడా, స్పీడు ఒక్కటే పెట్టుబడిగా ఉన్న వింగర్‌కి ఇరవై ఎనిమిది, ముప్పై మధ్యలో గడ్డుకాలం వస్తుంది. గోల్ కీపర్ నలభై దగ్గరికి లాగగలడు. స్టాపర్, అంటే గోల్ ముందు మధ్యలో కాపలా కాసేవాడు, బుర్ర వాడి ముప్పై ఐదు దాకా నెట్టుకొస్తాడు. వింగర్ పనే పూర్తి వేగంతో పదే పదే పరిగెత్తడం. ముందు తగ్గేది అదే. అప్పటికి ఇంకేదైనా నేర్చి ఉంటే ఆట మిగులుతుంది. స్పీడు అప్పు తెచ్చుకున్న డబ్బు లాంటిది, చేతిలో ఉన్నప్పుడే ఏదో ఒకటి కొనిపెట్టుకోవాలి.

తొడ సంగతి దగ్గర నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు, నా మీద. రెండోసారి చెప్పలేదన్నావు. నేను మూడోసారి కూడా చెప్పలేదు. అప్పుడు నాకు 26. మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్, ఎండ మండిపోతోంది. లైను వెంట పరిగెడుతున్నా. కాలు ముందుకి చాచి నేల మీద పెట్టబోతుంటే, వెనక నుంచి ఎవరో రాయి విసిరినట్టు తొడకి తగిలింది. నిజంగానే తిరిగి చూశా, ఎవడు విసిరాడా అని. ఎవడూ లేడు. నాకు దగ్గర్లో ఉన్న మనిషి పదిహేను గజాల దూరంలో ఉన్నాడు. మరుక్షణం కూలబడ్డా. తర్వాత మళ్ళీ ఆడాను గానీ, పూర్తి వేగం అందుకోబోయే ప్రతిసారీ ఆ రాయి గుర్తొచ్చేది. భయం ఉన్న వింగర్ సగం వింగరే. రెండేళ్ళలో మానేశా.

ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినే కండరాలు తొడ వెనకుండే ఈ హ్యామ్‌స్ట్రింగ్ కండరాలే. పూర్తి పరుగులో కాలు ముందుకి చాచినప్పుడు అవి సాగుతూనే కాలికి బ్రేకు వెయ్యాలి, అప్పుడే తెగుతాయి. ఒకసారి దెబ్బతిన్నవాడికి మళ్ళీ తగిలే అవకాశం ఎక్కువ. నొప్పి తగ్గడం వేరు, కండరానికి బలం తిరిగి రావడం వేరు. ఈ వారమే కోచ్‌కి చెప్పు. ఫిజియో ఉంటే ఫిజియోకి, లేకపోతే స్పోర్ట్స్ గాయాలు చూసే డాక్టర్‌కి చూపించుకో. వాళ్ళు సరేనన్నాక నార్డిక్స్ మొదలుపెట్టు. మోకాళ్ళ మీద నిలబడతావు, వెనక ఒకడు నీ మడమలు నేలకి అదిమి పట్టుకుంటాడు, నడుము వంచకుండా ఒంటిని నెమ్మదిగా ముందుకి వాలుస్తావు, ఆపలేనప్పుడు చేతులు నేలకి ఆనిస్తావు. చూడటానికి ఏమీ లేదు. చేస్తే రెండు రోజులు మెట్లు దిగలేవు. ఈ గాయాల్ని బాగా తగ్గిస్తుందని ఎన్నోసార్లు తేలిన వ్యాయామం అది. నా రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణో లేదో!

ఇప్పుడు ఆ రైట్ బ్యాక్ విషయం. పనిష్మెంట్ అన్నావు. నేను మీ కోచ్‌ని చూడలేదు, మనిషి ఎలాంటివాడో చెప్పలేను. కానీ స్పీడున్న కుర్రాణ్ణి వెనక్కి జరపడం ఈ రోజుల్లో పద్ధతి ప్రకారం జరుగుతున్నదే. ఒకప్పుడు బ్యాక్ అంటే వింగర్‌ని ఆపి బంతిని దూరంగా తన్నేవాడు. ఇప్పుడు వింగర్ లోపలికి కోసుకుపోతుంటే, బయట ఖాళీ అయిన లైను వెంట పరిగెత్తి క్రాస్ కొట్టేది బ్యాకే. నువ్వు చేస్తున్న పనే, ఇరవై గజాలు వెనక నుంచి మొదలుపెట్టి చెయ్యాలి. ఆట నీ ఎదురుగా ఉంటుంది. వింగ్‌లో నిలబడి వీపు వెనక ఏం జరుగుతోందో తెలియక అవస్థపడే బాధ లేదు.

స్పెయిన్‌లో హెసూస్ నవాస్ అని ఒకడు, అచ్చం నీలాంటి రైట్ వింగర్, సన్నగా, స్పీడు మీద బతికినవాడు. కుర్రతనంలో ఇంటి బెంగ ఎంతగా ఉండేదంటే సొంత సెవీయా ప్రాంతం వదిలి క్యాంపులకి కూడా వెళ్ళలేకపోయేవాడు. చెన్నై గదిలో రాత్రిళ్ళు నిద్రపట్టనప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకో. అదే మనిషి 2010 ప్రపంచ కప్ ఫైనల్లో వింగర్‌గా దిగాడు. ముప్పై దాటాక రైట్ బ్యాక్ అయ్యాడు. 2024లో యూరప్ దేశాల కప్పు ‘యూరో’ సెమీఫైనల్లో, 38 ఏళ్ళ వయసులో, ఫ్రాన్స్ మీద రైట్ బ్యాక్‌గా ఆడాడు. ఎదురుగా ఫ్రాన్స్ స్పీడు స్టార్ ఎంబాపే! ఆ టోర్నీ స్పెయినే గెలిచింది. వెనక్కి జరగనని మొండికేసి ఉంటే ఆ కప్పు ఆయన చేతిలో ఉండేది కాదు. మన దేశంలో నిఖిల్ పూజారిని చూడు. వింగ్‌లో మొదలుపెట్టినవాడు హైదరాబాద్ ఎఫ్‌సీలో రైట్ బ్యాక్‌గా కుదురుకున్నాడు, భారత జట్టుకీ ఆడాడు.

ఇంకో లాభం కూడా ఉంది, ఎవరూ చెప్పరు. ఆరు నెలలు బ్యాక్ ఆడితే వింగర్లు నిన్ను ఎలా మోసం చేస్తున్నారో వాళ్ళ ఎదురుగా నిలబడి చూస్తావు. నన్ను ఆపిన ఆ గుమాస్తా చిన్నప్పుడు వింగర్ అట. తర్వాత తెలిసింది.

కాబట్టి కోచ్‌తో వాదించకు. ఒక్క మాట మాత్రం అడుగు. “సార్, బ్యాక్ ఆడతా. ప్రాక్టీసులో వారానికి ఒక రోజు వింగ్‌లో కూడా పెట్టండి” అను. ఒప్పుకుంటాడు. ఆడనన్న కుర్రాడికంటే ఎక్కడ పెట్టినా ఆడే కుర్రాడు ఏ కోచ్‌కైనా ముద్దే.

నీ ఎడమ కాలి గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అంటే అది బస్సెక్కడానికే పనికొస్తోందని నా అనుమానం. కుడి వైపు ఆడే కుడికాలి వింగర్‌కి బయటికి పోయి క్రాస్ కొట్టడం ఒక్కటే దారైతే, నాకు బొజ్జాయన చేసిన పనే నీకూ ఎవడో ఒకడు చేస్తాడు. ఇవాళ పెద్ద జట్లలో చాలామంది వింగర్లు తమ కాలికి ఎదురు వైపున ఆడతారు, లోపలికి తిరిగి షాట్ కొట్టడానికి. మిజోరం నుంచి వచ్చిన లాల్లియన్‌జువాలా ఛాంగ్టే ఎడమకాలి వాటం, ఆడేది కుడి వింగ్. 2015లో 18 ఏళ్ళకే భారత జట్టుకి ఆడాడు. ఆ తర్వాత ఢిల్లీ, చెన్నై క్లబ్బుల్లో ఏళ్ళ తరబడి, స్పీడుంది గానీ గోల్ ముందు తడబడతాడనే మాట పడ్డాడు. 2022లో ముంబై సిటీకి వెళ్ళాడు, 2022-23కి దేశంలో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. మధ్యలో గడిచినవి ఏడేళ్ళు. స్పీడు మొదటి రోజు నుంచీ ఉంది. మిగతాది నేర్చుకోవడానికి పట్టిన కాలం అది.

మన తెలుగువాళ్ళకి ఇదంతా అందదు అనుకోకు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య వింగ్‌లో ఆడి భారత మహిళల జట్టులో చోటు సంపాదించింది. 2022లో క్రొయేషియా క్లబ్బు దినామో జాగ్రెబ్‌లోనూ చేరింది.

లక్షన్నర అడుగుతున్న ఆయన గురించి ఎక్కువ రాయను. ఇవ్వొద్దు. ఆటగాణ్ణి చూడాలనుకున్న క్లబ్బు వాడి దగ్గర డబ్బు తీసుకోదు. ఏజెంటైతే నీకు కాంట్రాక్టు కుదిరాక, వచ్చే జీతంలో వాటా తీసుకుంటాడు, ముందు కాదు. ఏజెంట్లకి ఫీఫా లైసెన్సు ఇస్తుంది, పరీక్ష పెట్టి మరీ. లైసెన్సు ఉన్నవాళ్ళ పేర్లు ఫీఫా వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. ఆయన పేరు అక్కడ కొట్టి చూడు. అక్కడ ఉన్నా సరే, క్లబ్బు నుంచి నీ పేరు మీద ఉత్తరం వచ్చేదాకా గోవా రైలెక్కకు. మీ నాయన లక్షన్నర కూడబెట్టాలంటే ఎన్ని ట్రిప్పులు తిరగాలో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నాయన దగ్గరికి వద్దాం. రైల్వేకీ, రైట్ వింగ్‌కీ శత్రుత్వం ఉందనుకుంటున్నారు మీరిద్దరూ. ఈ దేశం చూసిన గొప్ప రైట్ వింగర్లలో పీకే బెనర్జీ ఒకడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కెప్టెన్. 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద మొదటి గోల్ ఆయనదే, మనకి స్వర్ణం. (ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్.) అంత మనిషి మోహన్ బగాన్‌కీ ఆడలేదు, ఈస్ట్ బెంగాల్‌కీ ఆడలేదు. ఆడింది ఈస్టర్న్ రైల్వేకి. 1958లో ఆ రైల్వే టీము కలకత్తా లీగ్ గెలిచింది, పెద్ద క్లబ్బుల్ని పక్కకి నెట్టి. మీ నాయనకి ఇది చదివి వినిపించు.

అదే 1962 జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. ఎడమ వైపు ఆయన ఆడుతుంటే చూడాలని జనం వచ్చేవాళ్ళు. అనారోగ్యంతో ఆ మరుసటి ఏడాదే ఆట ఆపేయాల్సి వచ్చింది. 27 ఏళ్ళు. ఇది నీకు.

నాయన భయంలో నిజముంది, కాదనకు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో దేశంలో పై లీగైన ఐఎస్‌ఎల్ గెలిచింది. మూడేళ్ళు తిరిగేసరికి డబ్బు కష్టాల్లో పడి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో మొదలవ్వాల్సిన లీగ్, వాణిజ్య హక్కుల గొడవతో ఏడాది చివరికి కూడా మొదలు కాలేదు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్ళ జీతాలే ఆపేశాయి. దేశంలో పై మెట్టు మీదున్నవాళ్ళ పరిస్థితి అది. నాకూ ఒక క్లబ్బు మూడు నెలల డబ్బు ఎగ్గొట్టింది. కాగితం రాయించుకోలేదు కాబట్టి అడగడానికి నోరు లేకపోయింది. ఈ సీజన్ సంతకం చేసేముందు నువ్వు మూడు అడుగు: అమెచ్యూర్‌గా రిజిస్టర్ చేస్తున్నారా ప్రొఫెషనల్‌గానా, గాయమైతే ఖర్చు ఎవరిది, నా కాపీ ఏది.

రైల్వే స్పోర్ట్స్ కోటా గురించి నాయనకి తెలిసి ఉండకపోవచ్చు. ఆయన చెప్తున్న పరీక్ష లక్షల మంది రాసేది. స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు రైల్వే జోన్లు వేరుగా ఇస్తాయి. ట్రయల్స్‌లో ఆడి చూపించాలి. వయసు 18 నుంచి 25, అందులో సడలింపు లేదు. పదో తరగతికి ఒక స్థాయి ఉద్యోగం, ఇంటర్‌కి ఇంకోటి, డిగ్రీ ఉంటే ఆ పైది. పాత సర్టిఫికెట్లు చెల్లవు, ఇటీవలి సీజన్లలో ఏ స్థాయిలో ఆడావన్నదే చూస్తారు. ఫలానా పొజిషన్‌వాళ్ళు కావాలని నోటిఫికేషన్‌లోనే రాస్తుంటారు. వింగర్ కావాలన్న ఏడాది నువ్వు వింగర్‌వి, డిఫెండర్ కావాలన్న ఏడాది రైట్ బ్యాక్‌వి. మీ కోచ్ నీకు చేసింది పనిష్మెంటేనా, ఇప్పుడు చెప్పు. నాకు 24వ ఏట ఉద్యోగం వచ్చింది ఇలాగే. రెండేళ్ళకి తొడ పోయింది, ఉద్యోగం ఉంది. ఇవాళ గూడూరులో కూర్చుని నీకు ఈ జవాబు రాస్తున్నానంటే దాని పుణ్యమే.

నీకు మిగిలింది ఐదేళ్ళు. అందుకే డిగ్రీ ఆపడం నాకు నచ్చలేదు. చదువు మీద ప్రేమతో చెప్తున్నాననుకోకు, నాకూ అంత లేదు. కాలేజీలో చేరి రెగ్యులర్‌గా చదివితేనే యూనివర్సిటీ జట్టుకి ఆడొచ్చు. విక్రమ సింహపురి యూనివర్సిటీ తరఫున సౌత్ జోన్ అంతర విశ్వవిద్యాలయ టోర్నీలో ఆడితే, చెన్నై కింది డివిజన్‌లో నిన్ను చూడని కళ్ళు అక్కడ చూస్తాయి. ఆ సర్టిఫికెట్ వేరు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీకి రాష్ట్ర జట్టు సెలక్షన్స్‌కి కూడా ప్రయత్నించొచ్చు. సర్వీసెస్ (సైనిక దళాల జట్టు), రైల్వే జట్లు కూడా ఆ టోర్నీలో ఆడతాయి. చెన్నై మనకి రైల్లో మూడు గంటలు. ఈ సీజన్ ముగిశాక తిరిగి కాలేజీలో చేరు. అప్పుడు ఏ లీగ్ ఎప్పుడు ఆడొచ్చో కాలేజీ పీడీని అడిగి తేల్చుకో.

నాయనకి ఏం చెప్పాలి అన్నావు. పెద్ద మాటలేం వద్దు. “నాయనా, ఈ సీజన్ అయిపోగానే డిగ్రీలో చేరతా. లక్షన్నర ఎవరికీ ఇవ్వను. 25 దాటేదాకా ఆటలో ఉద్యోగం కోసం చూస్తా, రాకపోతే నువ్వు చెప్పిన పరీక్షే రాస్తా” అను. ఫోన్‌లో వద్దు. ఆయన డ్యూటీ దిగి, స్నానం చేసి, అన్నం తిన్నాక చెప్పు. గొణుగుతాడు. గొణగనీ.

వచ్చే ఆదివారం ఇంటికి వచ్చేటట్టయితే, పొద్దున ఆరుకి వీఆర్సీ గ్రౌండ్‌కి రా. నేను పిలకాయలకి నేర్పుతూ అక్కడే ఉంటా. బూట్లు తెచ్చుకో, కానీ పరుగు వద్దు, తొడ చూపించుకునేదాకా ఆ నాలుగు చెప్పుల పని కూడా నడకలోనే. నాయనకి డ్యూటీ లేకపోతే ఆయన్నీ తీసుకురా. లైను పక్కన కుర్చీ వేస్తా. గంటలో నువ్వు ఎన్నిసార్లు ఆగావో ఆయన లెక్కపెట్టాలి. టిక్కెట్లు లెక్కపెట్టే చెయ్యి, తప్పు పోదు.